పంటు దిగేటప్పుడు ముందు ఏ కాలు

గోదావరి దాటించే పంటు రేవుకి చేరేటప్పుడు దాని ఇనుప ర్యాంపు సిమెంటు గట్టుకి గీసుకునే చప్పుడు ఒకటి ఉంటుంది. మాడిన పెనాన్ని ఎవరో పెద్ద అట్లకాడతో గోకుతున్నట్టు ఉంటుంది. దానికంటే ముందే మోటారు సైకిళ్ళన్నీ స్టార్టయిపోతాయి. గోదావరి గాలి పీల్చుకుంటూ వచ్చినవాళ్ళంతా ఆఖరి నిమిషంలో పొగ పీల్చుకుంటూ దిగుతారు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి ఉద్యోగం కోసం రోజూ దాటే నాకు ఈపాటికి ఆ చప్పుడు అలవాటైపోవాలి. కాలేదు. అది వినపడగానే నా చూపు దానంతట అదే జనం పాదాల మీదకి దిగిపోతుంది. చూసేవాళ్ళు నన్ను చెప్పుల దొంగ అనుకున్నా తప్పులేదు.

ఈ మధ్య మా ఆఫీసులో ఒకటే గొడవ. మన దేశపు హాకీ టీములో ఒక అమ్మాయికి లీగు మ్యాచిలో దెబ్బ తగిలింది. నాకౌటు మ్యాచులు దగ్గర పడ్డాయి. ఆమెను ఆడించాలా, వద్దా? హాకీ స్టిక్కుని ఏ చివర పట్టుకోవాలో తెలియని వాళ్ళు కూడా ఫోనులో వీడియో ఆపి ఆపి చూసి డాక్టర్లయిపోయారు. దేశం కోసం కాలు విరిగినా పరవాలేదని ఒకరు. ఆ కాలు మనది కాదు కదండీ అని ఇంకొకరు. చివరికి మేనేజరు గారు నా వైపు తిరిగి, "రూతూ, నువ్వు స్కూల్లో ఆడావు కదమ్మా, నువ్వు చెప్పు" అన్నారు.

"ఆ అమ్మాయి బస్సు దిగడం ఎవరైనా చూశారాండి?" అన్నాను.

అందరూ నవ్వారు. నేను నోరు తెరిస్తే జోకేనని ఆఫీసులో ఒక అభిప్రాయం ఉంది, దానికి నేనే కారణం. కానీ అది జోకు కాదు. నాకు తెలిసిన అతి సీరియస్ మనిషి దగ్గర నేర్చుకున్న మాట.

ఆవిడ పేరు మేరీ రత్నం. నరసాపురంలో మా ఆడపిల్లల హైస్కూలుకి పీఈటీ. ఇల్లు అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో. ఉద్యోగమంతా పంటు మీద దాటుతూనే చేశారు. గంజి పెట్టిన నేత చీర, దాని కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో విజిలు, చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు ఎండకీ వానకీ విప్పగా నేను చూసింది తక్కువ. గ్రౌండులో ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించడానికే అది. విజిలు కూడా పెద్దగా ఊదేవారు కాదు. ఊరికే చూసేవారు. ఆవిడ అలా చూస్తుంటే హోంవర్కు చేయలేదని గుర్తొచ్చేది, ఆవిడ జీవితంలో ఎవరికీ హోంవర్కు ఇవ్వకపోయినా.

దెబ్బ తగిలిన పిల్లల విషయంలో రత్నం మేడం మొండితనం మా టీములో ప్రసిద్ధం. ఎంత పెద్ద మ్యాచి అయినా, ఎంత మంచి ప్లేయరైనా, ఆవిడకి నమ్మకం కుదిరేదాకా బెంచీ మీదే. దానికి కారణంగా మాలో ఒక కథ నడిచేది. మేడం వయసులో ఉండగా గొప్ప ప్లేయరట, మోకాలికి దెబ్బ తగిలినా వినకుండా ఫైనల్ ఆడారట, ఆ మోకాలితోపాటు కలలన్నీ విరిగిపోయాయట. మా గోల్‌కీపరు దుర్గ ఈ కథని కళ్ళలో నీళ్ళు పెట్టుకుని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ వేరే కాలు విరిగేది. ఒకసారి నేను "అలా అయితే ఆవిడకి నాలుగు కాళ్ళుండాలే" అంటే దుర్గ నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

నేను రైట్ హాఫ్ ఆడేదాన్ని. పదో తరగతిలో లీగు ఆఖరి మ్యాచి మా గ్రౌండులోనే జరిగింది. ఆ మ్యాచి నెగ్గితే రాజమండ్రిలో నాకౌట్లు. నెగ్గాం. నెగ్గడానికి కాస్త ముందు నేను పడిపోయాను. ఎలా పడ్డావని అడిగినవాళ్ళందరికీ ఒక వీరగాథ చెప్పాలని ఉండేది కానీ అవతల టీము అమ్మాయి నా దరిదాపుల్లో లేదు. బంతి కూడా లేదు. ముందు రోజు గ్రౌండులో మేసిన గేదె గిట్ట దిగిన గుంటలో నా ఎడమ పాదం దిగింది, చీలమండ మడతపడింది.

"ఎవరు కొట్టారమ్మా?" అని అడిగింది పక్కింటి పిన్నిగారు.

"గేదండి."

"అయ్యో, ఇప్పుడు గేదెల్ని కూడా ఆడిస్తున్నారా?"

ఎక్సరే తీసిన డాక్టరు గారు ఎముక బాగానే ఉందన్నారు, లోపల నరం సాగిందన్నారు, విశ్రాంతి అన్నారు. మా ఇంట్లో అంత చిన్న వైద్యంతో ఎవరికీ తృప్తి కలగలేదు. అమ్మ లేసు అల్లుతున్న చేతులు ఆపి పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. నాన్న ఉప్పు వేయించి గుడ్డలో కట్టి కాపడం పెట్టారు. ఆదివారం గుడిలో మా పాస్టరు గారు నా పేరెత్తి ప్రార్థన చేశారు, "ప్రభువా, మా బిడ్డ రూతు కుడి కాలిని ముట్టుము" అని. దెబ్బ ఎడం కాలికి. నేను అమ్మ చెవిలో ఆ మాట చెబితే, "ఆయనకి తెలీదా ఏ కాలో, నోర్ముయ్" అంది. ఆయన అంటే దేవుడో పాస్టరు గారో నేను అడగలేదు. కుడి కాలు మాత్రం అప్పటినుంచి దివ్యంగా ఉంది.

ఇన్ని జోకులు ఇప్పుడు వేస్తున్నాను కానీ అప్పుడు నాకు అన్నం దిగేది కాదు. రాజమండ్రి మ్యాచులు చూడటానికి స్టేటు టీము సెలక్టర్లు వస్తారు. వాళ్ళ కంట్లో పడితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, ఇంటర్మీడియట్ చదువు, రోజూ ఆట. పడకపోతే ఊళ్ళో కాలేజీలో చేరాలి, అక్కడ ఆడపిల్లలకి హాకీ లేదు. అంటే ఈ మ్యాచులు ఆడితే నేను హాకీ ప్లేయరుని, ఆడకపోతే ఒకప్పుడు హాకీ ఆడిన అమ్మాయిని. ఈ రెండింటికీ మధ్య ఒక వాచిన చీలమండా, ఒక నల్ల గొడుగూ ఉన్నాయి.

మా సీనియర్లు మాకు అప్పజెప్పిన రహస్యం ఒకటి ఉంది. దాని పేరు పంటు పరీక్ష. దెబ్బ తగిలిన పిల్లని తిరిగి ఆడించే ముందు మేడం సాయంత్రం తనతో పంటు ఎక్కిస్తారు. నది మధ్యకి వెళ్ళాక దెబ్బ కాలి మీద, ఏమీ పట్టుకోకుండా, ఒంటికాలి మీద నిలబడమంటారు. అవతలి ఒడ్డు దాకా నిలబడితే ఆట, పడిపోతే బెంచీ. ఇది తెలుసు కాబట్టి వాపు తగ్గిన దగ్గర్నుంచీ నేను ఇంట్లో ఎడం కాలి మీదే బతికాను. పళ్ళు తోముకోవడం, జడ వేసుకోవడం, చదవడం, అన్నీ ఒంటికాలి మీద. నాన్న పేపరు చదువుతూ, "ఏమే, ఇల్లేమైనా కొల్లేరనుకుంటున్నావా కొంగలాగా" అన్నారు. పడక మంచం మీద పరుపు వేసి దాని మీద నిలబడి, పంటు ఊగినట్టు ఉండాలని తమ్ముణ్ణి మంచం కుదపమనేదాన్ని. వాడు అవసరానికి మించి సాయం చేసేవాడు.

రాజమండ్రి బయల్దేరడానికి ముందు రోజు సాయంత్రం మేడం, "పంటు దాకా రావే" అన్నారు. దుర్గ కూడా సాక్షిగా వెంటపడింది. నది మధ్యకి రాగానే మేడం నా వైపు చూశారు. చెప్పకుండానే ఎడం కాలి మీద నిలబడ్డాను. ఆ రోజు గాలి బాగానే ఉంది, పంటు ఊగుతోంది. నేను మాత్రం దీపస్తంభం. పక్కన ఖాళీ గంపతో కూర్చున్న చేపలావిడ నన్ను కాసేపు గమనించి, "ఏం పాపా, మొక్కా?" అంది.

"పరీక్షండి" అంది దుర్గ గర్వంగా.

"మా రోజుల్లో కూర్చునే రాసేవారు" అంది ఆవిడ.

నేను నవ్వాను. నవ్వినా పడలేదు. ఒడ్డు దగ్గరపడింది, ర్యాంపు గీసుకుంది, పంటు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. దుర్గ చప్పట్లు కొట్టింది. నేను రెండో కాలు దించి, బండ్ల మధ్య నుంచి దారి చేసుకుని, జనంతోపాటు గట్టు మీదకి దిగాను. మేడం అప్పటికే దిగి, వెనక్కి తిరిగి నిలబడి ఉన్నారు.

"సెమీఫైనల్లో నీ ప్లేసులో నాగమణి ఆడుతుంది" అన్నారు.

నాకు ముందు అర్థం కాలేదు. "నిలబడ్డాను కదండి!"

"నిలబడ్డావు. బాగా నిలబడ్డావు. నెలరోజులు అదే పని చేస్తే గేదె కూడా నిలబడుతుంది. దిగేటప్పుడు ఏం చేశావు?"

"దిగానండి."

"ర్యాంపు చివర ఆగావు. కిందకి చూశావు. ఎడం కాలు ఎత్తి, మళ్ళీ దించి, కుడి కాలు ముందుకి వేశావు. కాలు ఎంచుకున్నావే నువ్వు. బాగున్నవాళ్ళు ఎంచుకోరు."

"నొప్పి లేదండి. ప్రమాణంగా లేదండి."

"నేను అడగలేదు" అన్నారు రత్నం మేడం, గొడుగు చంకలో పెట్టుకుని. "అడిగితే అందరూ లేదనే అంటారు."

ఇన్నేళ్ళుగా సీనియర్లంతా ఒంటికాలి మీద నిలబడటమే పరీక్ష అనుకున్నారు. అసలు పరీక్ష అది అయిపోయిందనుకుని మనం ఊపిరి పీల్చుకున్నాక మొదలవుతుందని ఎవరికీ తెలియలేదు. తిరుగు పంటులో దుర్గ నాకోసం ఏడ్చింది. నేను ఏడవలేదు, ఆ పని ఆమె నాకంటే బాగా చేస్తోంది కదా అని.

మర్నాడు పొద్దున్న బస్సు దగ్గరికి రాజు గారు వచ్చారు. ఆయనకి భీమవరం వైపు రొయ్యల చెరువులు. మా టీముకి జెర్సీలు కొనిచ్చింది ఆయనే. వాటి వెనక ఒక ఎర్ర రొయ్య బొమ్మ ఉండేది. మేమందరం ఒకేసారి పరిగెడితే వెనకనుంచి ఒక చెరువు కదిలి వెళ్తున్నట్టు ఉండేదట. మనసున్న మనిషి. నేను ఆడట్లేదని తెలిసి నిజంగా బాధపడ్డారు.

"మేడం గారూ, దారిలో భీమవరంలో మనకి తెలిసిన డాక్టరు గారున్నారండి. ఒక్క ఇంజెక్షను చేయిస్తే ఆ పూటకి నొప్పే తెలీదండి. పాప భవిష్యత్తు కదండి."

నా గుండె లేచి కూర్చుంది. మేడం వైపు చూశాను.

"రాజు గారూ, మీ చెరువులో రొయ్యకి ఒంట్లో బాగోకపోతే అది గట్టెక్కి వచ్చి మీకు చెప్తుందాండి?"

"ఎందుకు చెప్తుందండి? చెరువులో దించిన చెక్ ట్రేలో మేత మిగిలితే మేమే తెలుసుకుంటాం."

"నేను చేసేదీ అదేనండి. ఈ పిల్ల చెప్పేది వినను. ట్రే చూస్తాను. ఇంజెక్షను చేస్తే ట్రే కనపడకుండా పోతుంది, అంతే."

రాజు గారు ఆలోచించారు. "మరి మేము రొయ్య తేడాగా ఉంటే, ఇంకా పాడవకముందే పట్టేసి అమ్మేస్తామండి" అన్నారు చాలా నిజాయితీగా.

మేడం మొట్టమొదటిసారి నవ్వడం చూశాను. "ఈ పిల్లని అమ్మనండి" అని బస్సెక్కారు.

అప్పటికి నాకు ఆ మాట తియ్యగా ఏమీ వినపడలేదు. కోపంగా ఉంది. నా కాలు, నా సంవత్సరం, నా సెలక్టర్లు, మధ్యలో ఈవిడెవరు? ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా తప్పని నేను అనుకోను. ఆవిడ జాగ్రత్తకి మూల్యం చెల్లించింది ఆవిడ కాదు. ఆ సంగతి ఆవిడకి తెలుసని మాత్రం తరవాత అర్థమైంది.

సెమీఫైనల్లో బెంచీ మీద మేడం పక్కన కూర్చున్నాను, ఒళ్ళో నీళ్ళ సీసాలు పెట్టుకుని. నాగమణి నాకంటే చిన్నది, తొమ్మిదో తరగతి. మొదట్లో రెండు బంతులు వదిలేసింది. నాలో ఉన్న మంచమ్మాయి అయ్యో అంది. ఇంకొకత్తి కూడా ఉంది నాలో, ఆమె ఏమందో రాయను. తరవాత నాగమణి కుదురుకుంది. కుదురుకోవడమేంటి, రెండో సగంలో ఆ వైపునుంచి ఎవరినీ రానివ్వలేదు. మేము నెగ్గాం. నేను లేకుండా హాయిగా నెగ్గాం. చీలమండ మడతపడినప్పుడు కూడా నాకు అంత నొప్పి పుట్టలేదు. అయినా అందరితోపాటు ఎగిరాను. ఎగిరి దిగేటప్పుడు కుడి కాలి మీద దిగాను. ఈసారి ఆ సంగతి నాకే తెలిసింది. పక్కకి చూస్తే మేడం నీళ్ళ సీసా మూత తీస్తున్నారు, ఏమీ చూడనట్టు.

మా బస ఒక చర్చి వాళ్ళ హాల్లో. ఆ సాయంత్రమే జెర్సీలు ఉతికి డాబా మీద ఆరేశాం, ఉన్నది ఒక్కటే జత కాబట్టి. పొద్దున్నే ఫైనల్. తెల్లారి టిఫిన్లు తింటుండగా ఉన్నట్టుండి వాన దిగింది. "జెర్సీలే!" అని ఎవరో అరిచారు. అందరం డాబా మీదకి పరిగెత్తాం. తాళ్ళ మీద రొయ్యలన్నీ తడిసిపోతున్నాయి. చేతికందినవి లాగి, ముఖం కనపడనంత ఎత్తున మోసుకుని, దుర్గ వెనకనుంచి తోస్తుంటే తిట్టుకుంటూ మెట్లు దిగి వచ్చాను. కింద మేడం నిలబడి ఉన్నారు. గొడుగు విప్పి లేదు.

"ఏ కాలు ముందు పెట్టావే?" అన్నారు.

"ఎక్కడండి?"

"మెట్ల మీద. దిగేటప్పుడు."

ఆలోచించాను. గుర్తు లేదు. జెర్సీలు తడుస్తాయన్నది గుర్తుంది, దుర్గ మోచెయ్యి వీపులో గుచ్చుకోవడం గుర్తుంది. కాళ్ళు ఆ కథలో లేనే లేవు.

"ఏమోనండి" అన్నాను.

"సెకండాఫ్ ఆడు" అన్నారు మేడం, నా చేతిలోంచి సగం జెర్సీలు తీసుకుంటూ.

ఇలాంటి చోట కథలు నెగ్గుతాయి. మేము ఒక గోలు తేడాతో ఓడిపోయాం. రెండో సగంలో నేను దిగగానే నా దగ్గరికి వచ్చిన మొదటి బంతి నా స్టిక్కు కిందనుంచి సాఫీగా బయటికి పోయింది. అంత కాలం ఎదురుచూసి నేను దానికి ఇచ్చిన మర్యాద అది. తరవాత బాగానే ఆడాను. బురదలో పడ్డాను, లేచాను, ఏ కాలి మీద లేచానో చూసుకోలేదు. సెలక్టర్లు స్టేటు టీముకి మా స్కూలునుంచి ఒకళ్ళనే తీసుకున్నారు. నాగమణిని. సెమీఫైనల్లో నేను ఆడి ఉంటే ఆ పేరు నాదయ్యేదా? అయ్యుండొచ్చు. లేదా మొదటి సగంలోనే మళ్ళీ పడి, ఆ కాలు ఇంకెప్పటికీ తేరుకోకుండా పోయుండొచ్చు. రెండూ జరగలేదు కాబట్టి ఎవరితోనూ వాదించలేను, నాతో తప్ప. నాగమణి ఇప్పుడు ఆటతో సంపాదించుకున్న ఉద్యోగంలో ఉంది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళిన మనిషినని పండగలకి ఫోను చేసి ఏడిపిస్తుంది.

తిరుగు బస్సులో మేడం పక్క సీటు ఖాళీగా ఉంటే వెళ్ళి కూర్చున్నాను. కొవ్వూరు వంతెన దాటాక ధైర్యం చేసి అడిగాను.

"మేడం, మీకు అప్పట్లో ఏ మోకాలికి దెబ్బ తగిలిందండి?"

"నా మోకాలికా? ఏమైంది?"

"అదేనండి... ఫైనల్లో..."

"ఎవరే చెప్పింది? దుర్గేనా?" వెనక సీటు వైపు చూశారు. దుర్గ నిద్ర నటించింది. "నాకెప్పుడూ ఏ దెబ్బా తగల్లేదు. నేనంత గొప్పగా ఆడిందీ లేదు. చిన్నప్పట్నుంచి జలుబు తప్ప నాకేమీ రాలేదే."

నాకు చాలా నిరుత్సాహమేసింది. ఇంత మొండితనానికి వెనక ఒక విరిగిన ఎముకైనా ఉండాలి కదా. "మరి మమ్మల్ని ఎందుకండి అలా ఆపేస్తారు?"

ఆవిడ కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పారు. "అందుకేనే. నాకు తగల్లేదు కాబట్టి మీకు ఎంత నొప్పో నాకు తెలీదు. మీరేమో చెప్పరు. తెలీనిదాన్ని తెలుసనుకుని ఆడమంటే ఎలా? అందుకే చూస్తాను. చూడటం ఒక్కటే నాకు చేతనైంది." నా వైపు తిరిగి, "నిన్న నువ్వు ఆడాల్సిన మ్యాచి. నాకు తెలుసు" అన్నారు.

ఆ తరవాత ఏదో ఒక జోకు వేయాలి నేను. బదులు, ఆవిడ కాళ్ళ దగ్గర జారిపోతున్న గొడుగు తీసి పట్టుకున్నాను.

నేను హాకీ ప్లేయరుని కాలేదు. కానీ ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆ చూడటం మాత్రం నాతోనే ఉండిపోయింది. నాన్న పోయినప్పుడు ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అమ్మని "తేరుకున్నావా?" అని అడిగారు. అమ్మ అందరికీ "ఆఁ, బాగానే ఉన్నానండి" అంది. లేసు పని మళ్ళీ మొదలుపెట్టు, మనసు మళ్ళుతుంది అన్నారు. మొదలుపెట్టింది కూడా. కానీ పువ్వు వెనక పువ్వు తప్పు లేకుండా అల్లుతూ ఉంటే, ప్రతి ముడి దగ్గరా ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. అడగలేదు. ఊరికే ఆ పక్కనే కూర్చునేదాన్ని. ఒక రోజు పొద్దున్న వాకిట్లో పెద్ద గొంతు వినపడింది. చేపలావిడతో అమ్మ, "ఈ మొహం చూస్తే నిన్నటి చేపని తెలీట్లేదా, నన్నెవరనుకున్నావు?" అని యుద్ధం చేస్తోంది. నేను లోపల గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఆ రోజు చేప నిజంగానే నిన్నటిది. చాలా రుచిగా ఉంది.

రత్నం మేడం రిటైరయ్యారు. అయినా సాయంత్రాలు పంటు దాటి వచ్చి స్కూలు పిల్లల్ని ఆడిస్తూనే ఉన్నారు. పోయిన వర్షాల్లో పెరట్లో పాచి మీద జారి, జీవితంలో మొదటిసారి, కుడి పాదం ఎముక విరగ్గొట్టుకున్నారు. సిమెంటు కట్టు తీసేసి కొన్నాళ్ళయింది. మొన్న సాయంత్రం ఆఫీసు అయ్యాక పంటు ఎక్కితే రెయిలింగు పక్కన కనిపించారు. గొడుగు మొనని నేలకి ఆనించి నిలబడ్డారు. ఆ గొడుగు నేలకి ఆనడం నేనెప్పుడూ చూడలేదు.

"రావే రూతూ. ఇంత నొప్పిగా ఉంటుందనుకోలేదే" అన్నారు, పలకరింపు కూడా లేకుండా, ఎన్నాళ్ళనుంచో నాకే చెప్పాలని దాచుకున్నట్టు. "రాత్రిళ్ళు పడుకోనిచ్చేది కాదు. ఇంత నొప్పి పెట్టుకుని, ఏమీ లేదండి, ఆడతామండి అని వచ్చేవాళ్ళా మీరంతా? పిచ్చిమొహాలు."

"మీరు అడగలేదు కదండి."

నవ్వారు. నవ్వు ఆగాక, "ఇప్పుడు తగ్గిపోయిందిలే. మన పిల్లలు నాకౌట్లకి వచ్చారు తెలుసా? ఎల్లుండి రాజమండ్రి. నేనే తీసుకెళ్తున్నాను" అన్నారు. చెప్పేటప్పుడు ఆ ముఖం అచ్చంగా పదో తరగతి ముఖం.

ర్యాంపు గీసుకుంది. బండ్లు కదిలాయి. మేడం నాకంటే ముందు నడిచారు. ర్యాంపు చివర ఆగారు. కిందకి చూశారు. కుడి కాలు ఎత్తారు, దించారు, ఎడమ కాలు ముందుకి వేశారు. దిగాక వెంటనే వెనక్కి తిరిగి నా కళ్ళలోకి చూశారు.

"చూశావా?"

"చూశానండి."

"నొప్పి లేదే."

"నేను అడగలేదండి."

ఆవిడ గొడుగు ఎత్తి నన్ను ఒక్కటి వేస్తారనుకున్నాను. కానీ దాని మీదే నిలబడి ఉన్నారు, ఎత్తడానికి వీల్లేదు. మాతోపాటు దిగినవాళ్ళంతా వెళ్ళిపోయారు. మేడం నదివైపు తిరిగారు. అలా ఆపేస్తే ఎంత కోపం వస్తుందో నాకు తెలుసు.

"ఆఫీసులో సెలవిస్తారా నీకు?" అన్నారు చివరికి.

"అడగాలండి."

"అడుగు. సెమీఫైనల్‌కి పిల్లల్ని నువ్వు తీసుకెళ్ళు. ఫైనల్‌కి నేను వస్తాను."

"చూద్దామండి" అన్నాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. బరువుగానే ఉంది. రేవు మెట్లు ఇద్దరం కలిసి ఎక్కాం. నేను ఏ కాలు ముందు పెట్టానో నాకు గుర్తు లేదు.